పూత మీద పూత

మా ఫోటో స్టూడియో రంగులూ మరమ్మతులూ ముగించుకుని ఆదివారం మళ్ళీ తెరుచుకుంటుంది. వీధివైపు అద్దాల కిటికీలో, అత్తయ్యకు పెళ్ళయిన కొత్తలో మామయ్య తీసిన ఫోటో ఎప్పటినుంచో ఉంది. ఆ రోజు దాని పక్కనే ఇప్పటి ఫోటో కూడా పెడతానని మామయ్య పట్టుబట్టి, వీధి వీధంతా చాటేశారు. అత్తయ్య ఔననలేదు, కాదనలేదు. ఆ తర్వాతే ఆవిడ గది తలుపు మూసుకోవడం, తలనొప్పని చెప్పి భోజనం లోపలికే తెప్పించుకోవడం మొదలైంది. గదిలోంచి బయటికొస్తే మొహం మీద తువ్వాలు. పోయిన వారం చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే నాకొక అట్టపెట్టె దొరికింది. ముడతలకు రాసుకునే క్రీము, డాక్టరు చీటీ లేనిదే ఇవ్వని రకం. దాన్ని పట్టుకుని అత్తయ్య తలుపు దాకా వెళ్ళి, తట్టకుండానే వెనక్కి వచ్చేశాను.

బుధవారం పొద్దున తట్టక తప్పలేదు. కారణం ఒక బల్బు.

"అద్దం మీది బల్బు ఎవరు తీశారు?"

బాత్‌రూమ్ గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నారు. ఒక బుగ్గ నున్నగా ఉంది, రెండో బుగ్గ మీద నురగ. గడ్డం మీద తెగినచోట న్యూస్‌పేపరు ముక్క అంటించుకున్నారు.

"కాలిపోయి ఉంటుంది నాన్నా," అన్నారు మా ఆయన, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే.

"కాలిపోతే హోల్డర్లో ఉండాలి కదరా! ఇక్కడ హోల్డర్ ఉంది, బల్బు లేదు. కాలిన బల్బుకి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?"

"మీరే కింద స్టూడియోలోకి పట్టుకెళ్ళి ఉంటారు. మొన్న మెట్ల దగ్గరి బల్బు ఏమైంది? పక్కింటాయన పడబోయాడు."

"అది స్టూడియో అవసరం."

"ఇది మీ గడ్డం అవసరం. ఏ అవసరం పెద్దదో మీరే తేల్చుకుని మర్చిపోయుంటారు."

"నేను లైటుతో బతికేవాణ్ణిరా! నన్ను పట్టుకుని చీకట్లో గడ్డం గీసుకోమంటారా?" అని, మామయ్య నా వైపు తిరిగారు. "అమ్మాయ్, తుడవడానికి నువ్వేమైనా తీశావా?"

"నేను తీస్తే తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని కదా మామయ్యా."

అది నిజమని ఒప్పుకోక తప్పక ఆయన మళ్ళీ కొడుకు మీద పడ్డారు. బల్బు సంగతి కాస్తా మెట్ల బల్బు మీదికి, అక్కణ్ణుంచి కరెంటు బిల్లు మీదికి, చివరికి ఈ ఇంట్లో తీసిన వస్తువు తీసినచోట పెట్టేవాళ్ళే లేరనే దాకా వెళ్ళింది. నేను పాల గిన్నె కడుగుతూ వింటున్నాను. వినగా వినగా ఒకటి తట్టింది. ఈ ఇంట్లో ఇలాంటి తగువు ఎప్పుడు రేగినా అత్తయ్య ఒక్క మాటతో తెగ్గొట్టేస్తారు. "కిటికీ తెరిచి గీసుకోండి, సూర్యుడు ఊరికే వెలుగుతున్నాడు," అని ఆవిడ గదిలోంచి గొంతు వినిపించాల్సిన చోట ఈ రోజు ఏ గొంతూ లేదు.

చేతులు తుడుచుకుని వెళ్ళి తలుపు తట్టాను. గడియ తీసి, నేను లోపలికి రాగానే అత్తయ్య మళ్ళీ వేశారు. కిటికీ తెరలు దించి ఉన్నాయి. ఆవిడ తువ్వాలు ముక్కు దాకా లాక్కుని మంచం చివర కూర్చున్నారు.

"అత్తయ్యా, బల్బు ఇవ్వండి."

"బల్బు నా దగ్గర ఎందుకుంటుంది?"

"మీ కుంచెల పెట్టె మూత పడట్లేదు."

అత్తయ్య పెట్టె వైపు చూశారు. ఆ పెట్టె ముప్పాతిక జీవితం ఆవిడ ఒళ్ళోనే ఉంది. స్టూడియోలో ఫోటో తీయడం మామయ్య పని, దిద్దడం అత్తయ్య పని. వాలుగా ఉండే ఒక బల్ల, దాని మీద భూతద్దం, పక్కన ఒక దీపం, ఈ పెట్టెలో సన్నటి కుంచెలు. మరమ్మతుల మూలాన ఇప్పుడవన్నీ ఈ గదిలోకి చేరాయి. మొటిమలు, మచ్చలు, కళ్ళ కింద నలుపు, నుదుటి మీద గీతలు అన్నీ ఆ కుంచె కిందికి వచ్చి పోయినవే. ఇప్పుడు ఆ పని మా ఆయన కంప్యూటర్లో చేస్తారు. అయినా పాతవాళ్ళు ఇంకా "అమ్మ చేత్తోనే చేయించండి" అంటారు. దిద్దే ముందు అత్తయ్య ప్రతి ఒక్కరినీ అడుగుతారు: "ఉంచమంటారా, తీయమంటారా?" ఒక బస్సు డ్రైవరు తన నుదుటి గీతల్లో ఒక్కటి కూడా తీయొద్దన్నాడట. ఆయన ఫోటో మీద అత్తయ్య కుంచె ఆనించలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ వీపు నిటారుగా అవుతుంది.

నేను పెట్టె మూత తీశాను. కుంచెల మీద, పాత మేజోడులో చుట్టి, బల్బు.

"ఆ అద్దంలో నన్ను నేను చూసుకోలేకపోయానమ్మా," అన్నారు నెమ్మదిగా. "మీ మామయ్య గడ్డం సంగతి నాకు తట్టలేదు."

"ఏదీ, నన్ను చూడనివ్వండి."

"చూస్తావు. చూసి 'పర్లేదులెండి అత్తయ్యా' అంటావు."

"నేనెప్పుడైనా అన్నానా?"

అనలేదని ఆవిడకి తెలుసు. నాకు ఆ మాట నోటికి రాదు. కూరలో ఉప్పెక్కువైతే ఎక్కువైందంటాను, కర్టెన్ వంకరగా కుడితే వంకరంటాను. మామయ్య చెల్లెలు, మేమంతా చాటుగా రేడియో పిన్ని అనుకునే ఆవిడ, నాకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టింది. ఆ పేరు నాకెప్పుడూ నచ్చలేదు.

అత్తయ్య ఏమనుకున్నారో, లేచి బల్బు తీసుకెళ్ళి బల్ల దీపానికి తనే బిగించి, స్విచ్ వేసి, దాని కింద కూర్చుని తువ్వాలు తీసేశారు.

"చూడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చూశాను. మొహం తిప్పుకోలేదు.

"ముక్కు పక్కల బాగా ఎర్రగా కందిపోయింది. నోటి చుట్టూ చర్మం పొట్టులా లేచింది. కుడి పక్క చివర చిట్లి కాస్త నెత్తురు చూపిస్తోంది. కళ్ళ కింద ఉబ్బుంది. నుదురు బిగుసుకుపోయి మెరుస్తోంది. అది మంచి మెరుపు కాదు. మెడ బాగానే ఉంది."

"మెడకి రాయలేదు."

"నీళ్ళు తగిలితే మండుతోందా?"

"నీళ్ళేమిటి, గాలి తగిలినా మండుతోంది. నిన్న డాబా మీద బట్టలు తీస్తుంటే ఆ కాసేపటి ఎండకే చెంపలు రెండూ అంటుకున్నట్టయింది." కాస్త ఆగి అడిగారు: "మరి ముడతలో?"

"ఉన్నాయి. చర్మం ఎండిపోయింది కదా, ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తున్నాయి."

అత్తయ్యకి నవ్వొచ్చింది. నవ్వగానే నోటి చివర చురుక్కుమని, "అబ్బా, నవ్వించకే," అని చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఈ మధ్య ఆవిడ నవ్వు వినడం అదే మొదటిసారి.

"చీర మార్చుకోండి," అన్నాను. "డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం."

*

గొడుగు వేసుకుని, మామయ్య నిచ్చెన మీద అటు తిరిగి ఉన్నప్పుడు స్టూడియో ముందునుంచి దాటేసి, రెండు వీధుల అవతల ఉన్న క్లినిక్‌కి వెళ్ళాం. చర్మ డాక్టరు వయసులో నాకంటే చిన్నది. అత్తయ్య మొహం చూడగానే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఏంటాంటీ ఇది! నేనిచ్చిన క్రీమేనా? ఎలా రాసుకుంటున్నారో ఒకసారి చేసి చూపించండి." మామూలు తేమ క్రీము డబ్బా ఒకటి, చేతి అద్దం ఒకటి బల్ల మీద పెట్టింది.

అత్తయ్య సంచిలో చెయ్యి పెట్టి కుంచె తీశారు.

డాక్టరు నా వైపు చూసింది. నేను కుంచె వైపు చూశాను. పెట్టెలో ఉన్నవాటిలో అన్నిటికంటే సన్నది, కనుబొమల వెంట్రుకలు దిద్దేది.

అత్తయ్య కొనతో కాస్త క్రీము అందుకుని, అద్దంలో చూసుకుంటూ, కంటి కొసనుంచి చెంప మీదికి దిగే గీత వెంబడి పూశారు. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. ఆరేదాకా ఆగారు. అదే గీత మీద మళ్ళీ పూశారు. మళ్ళీ ఆగారు. ఆ చెయ్యి నాకు తెలుసు. బల్ల పక్కన స్టూలు వేసుకుని ఎన్నోసార్లు చూశాను. గీత మీద లేత పూత, దాని మీద ఇంకో పూత, ఒకప్పుడు అక్కడొక గీత ఉండేదని కంటికి తెలియకుండా పోయేదాకా. ఫోటో మీద చేసిన పనే ఆవిడ మొహం మీద చేశారు.

"ఇలా రోజూనా?" అంది డాక్టరు, గొంతు తగ్గించి.

"రోజూ రాత్రి. ఆదివారం దగ్గరపడుతోందని మొన్నటినుంచి పొద్దున కూడా."

"నేనేం చెప్పాను ఆంటీ?"

"మొహం మొత్తానికి బఠాణీ గింజంత, వారంలో రెండు మూడు రాత్రులే అన్నావు."

"మరి?"

"ఒక్క పూతతో ఏ గీత పోతుందమ్మా? నా చేతిలో ఒక్కటీ పోలేదు." అత్తయ్య తప్పు చేసినట్టు చెప్పలేదు. పని తెలిసిన మనిషి పని గురించి చెప్పినట్టు చెప్పారు.

డాక్టరు కోప్పడుతుందనుకున్నాను. ఆ అమ్మాయి అత్తయ్య చేతిలోంచి కుంచె తీసుకుని కాసేపు చూసి పక్కన పెట్టింది.

"ఇది రంగు కాదాంటీ. గీత మీద కూర్చుని దాన్ని కప్పదు. చర్మం లోపలికి వెళ్ళి దాని చేత పని చేయిస్తుంది. పాత పొర తొందరగా రాలుతుంది, కొత్తది వస్తుంది. అందుకే మొదట్లో ఎర్రబడటం, పొడిబారడం, పొట్టు లేవడం చాలామందికి ఉంటుంది. కొంచెం కొంచెంగా మొదలుపెడితే చర్మం అలవాటు పడుతుంది. మీరు దానికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు. పైగా కళ్ళ దగ్గర, ముక్కు పక్క మడతల్లో, నోటి చివర అసలు రాయొద్దన్నాను."

"గీతలన్నీ అక్కడే కదమ్మా ఉన్నాయి!"

డాక్టరుకి నవ్వాగలేదు. నవ్వుతూనే కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. ఆ క్రీము వెంటనే ఆపేయాలి. నురగ రాని మెత్తటి క్లెన్సర్‌తో కడగాలి, తువ్వాలుతో రుద్దకూడదు, అద్ది వదిలేయాలి. తేమ క్రీము ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. ఎండలోకి వెళ్తే గొడుగు, చర్మం నెమ్మదించాక ఎండ క్రీము కూడా. లేచిన పొట్టు గిల్లకూడదు. ఉబ్బు పెరిగినా, నీరు కారినా ఆగకుండా రావాలి. బాగా తగ్గాక తను చూసి, మళ్ళీ మొదలుపెట్టాలో వద్దో చెబుతుంది.

"ఆదివారానికి?" అన్నారు అత్తయ్య.

"మంట తగ్గుతుంది. ఎరుపు కాస్త తగ్గొచ్చు. పొట్టు మాత్రం ఉంటుంది."

"గీతలు?"

"వాటికి నెలలు పడుతుందాంటీ. అప్పుడు కూడా తగ్గుతాయి, అంతే. పోవు."

"పోవా?"

"పోవు."

అత్తయ్య ఆ చేతి అద్దాన్ని ఒళ్ళో బోర్లించారు. జీవితమంతా ఆవిడ చేతిలో పోని గీత లేదు.

వచ్చేటప్పుడు డాక్టరు గుమ్మం దాకా వచ్చి, "నా స్కూలు ఫోటో మీరే దిద్దారాంటీ. మా అమ్మ ఇప్పటికీ దాన్ని చూపించి, 'చూడు, నీకు మొటిమలే ఉండేవి కాదు' అంటుంది. ఎంత చెప్పినా నమ్మదు," అంది.

"ఎడమ బుగ్గ మీద ఎక్కువ ఉండేవి," అన్నారు అత్తయ్య వెంటనే. "గడ్డం కింద ఒకటి మొండిది. దానికి చాలా పూతలు పట్టాయి. నిన్ను అడిగే తీశాను."

"అడిగారు. అన్నీ తీసేయమన్నాను. ఇప్పుడైతే ఒకటి రెండు ఉంచమనేదాన్నేమో."

*

తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య స్టూడియో కిటికీ ముందు ఆగిపోయారు. లోపల మామయ్య ఎవరితోనో రంగు గురించి వాదిస్తున్న గొంతు. ఆవిడ గొడుగు నాకిచ్చి, రంగు పడకుండా బయటినుంచి అద్దానికి అంటించిన న్యూస్‌పేపరు ఒక మూల ఊడి ఉంటే పైకెత్తారు. లోపల, ఖాళీ కిటికీలో, పాత ఫోటో ఒక్కటే గోడకి ఆనించి ఉంది.

మామయ్య తీసిన వాటిలో అదే గొప్పది. కాస్త పక్కకి తిరిగిన మొహం, కిటికీ లోంచి వచ్చినట్టున్న వెలుతురు, ఇప్పుడే ఎవరో పిలిస్తే చూసినట్టున్న కళ్ళు. ఈ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళకి అది ఇంటి నంబరు లాంటిది. "ఆ అమ్మాయి ఫోటో ఉన్న సందు" అంటే ఆటోవాడు కూడా తీసుకొస్తాడు.

"పోయిన నెల కొత్త జంటొకటి వచ్చింది," అన్నారు అత్తయ్య, ఫోటోనే చూస్తూ. "కుర్రాడు దీన్ని చూపించి, 'ఈవిడ మీ అమ్మాయా అండీ?' అన్నాడు. నేను..."

నేను గొడుగు ఆవిడ మీదికి జరిపాను.

"ఔనన్నాను. 'ఔను బాబూ, మా అమ్మాయే,' అన్నాను. నాకసలు అమ్మాయే లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక ఇక్కడ నిలబడి చాలాసేపు చూశాను. నన్ను నేనే కాదనేశాను కదే. అదేదో పక్కింటి పిల్లయినట్టు." పేపరు వదిలేశారు. అది మళ్ళీ ఫోటోకి అడ్డం పడింది. "దాని పక్కన నా ఫోటో పెడతానని మీ మామయ్య అన్నప్పుడు, కనీసం చూసినవాళ్ళు ఇద్దరూ ఒకటేనని పోల్చుకునేలా ఉండాలనుకున్నాను. అంతే. అందగత్తెని అవుదామని కాదు."

"పోల్చుకోవచ్చు అత్తయ్యా."

"ఎలా? పర్లేదులెండి అని చెప్తున్నావా?"

"లేదు. చెవి అదే. ఎడమ కనుబొమ కుడిదానికంటే కొంచెం పైకుంటుంది, ఇందులోనూ అంతే, ఇప్పుడూ అంతే. ఎవరైనా పిలిస్తే ముందు కళ్ళు తిరుగుతాయి, తర్వాత తల. అది కూడా."

అత్తయ్య నా మొహంలోకి అదోలా చూశారు. నేను చెప్పింది నిజమో కాదో చూస్తున్నారనుకున్నాను. అది కాదని మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది.

*

రేడియో పిన్ని భోజనానికి చెప్పకుండా వస్తుంది, చెప్పి వెళ్ళదు. ఆ రోజూ అలాగే వచ్చి మామయ్య పక్కన కూర్చుంది. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. నేను కూర గిన్నె తెస్తుంటే, గది తలుపు తెరుచుకుంది. అత్తయ్య వచ్చారు. తువ్వాలు లేదు. డాక్టరిచ్చిన తేమ క్రీముతో ఎర్రటి మొహం జిడ్డుగా మెరుస్తోంది. నోటి చుట్టూ పొట్టు అలాగే ఉంది. నేరుగా వచ్చి తన కుర్చీలో, ట్యూబ్‌లైటుకి ఎదురుగా కూర్చున్నారు.

ఎవరి చేతులక్కడే ఆగిపోయాయి.

"అయ్యో వదినా! ఇదేం మొహం! పొయ్యిలో గాని తల పెట్టావా?" అంది పిన్ని. ఆవిడ నోటికి ఆలస్యం ఉండదు.

"క్రీము రాశాను. ముడతలకి. ఎక్కువ రాశాను," అన్నారు అత్తయ్య, నీళ్ళ గ్లాసు అందుకుంటూ.

"ఈ వయసులో ముడతలకి క్రీమేమిటి వదినా, వినేవాళ్ళు నవ్వరూ! మనకిప్పుడు పెళ్ళిచూపులా?"

"నీ జుట్టు ఈ వయసులో అంత నల్లగా ఎలా ఉందో నేనెప్పుడైనా అడిగానా?"

పిన్ని చెయ్యి తన కొప్పు మీదికి వెళ్ళింది. మా ఆయన దగ్గి ఫోన్ కింద పెట్టారు. మామయ్య మాత్రం ఏమీ వినలేదు. ఆయన తల కొంచెం ఒక పక్కకి వంచి అత్తయ్యనే చూస్తున్నారు. ఆ చూపులో జాలి ఉంది, భయం ఉంది, దాని కిందే ఇంకొకటి ఉంది. లైటు ఎటునుంచి వేయాలా అని లెక్క చూసుకునే చూపు.

"మండుతోందా?" అన్నారు.

"పొద్దుటికంటే నయం. డాక్టర్ దగ్గరికి కోడలు తీసుకెళ్ళింది."

"నాతో చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఏం చేసేవారు?"

"ఏం చేసేవాణ్ణా? ఇంత బాధ పడక్కర్లేదని చెప్పేవాణ్ణి. ఇదేం పెద్ద పని? లైటు మీద పల్చటి గుడ్డ వేస్తాను. కాస్త పక్కకి తిరుగుతావు. ఆ ఎరుపు, ఆ పొట్టు, ఏదీ పడదు. ఇన్నేళ్ళుగా నీ మీద పడే లైటు నేను చూసుకోవట్లేదూ?"

"మిగతాది నేను చూసుకుంటానమ్మా," అన్నారు మా ఆయన. "కంప్యూటర్లో ఐదు నిమిషాల పని. ఒక్క గీత కనిపిస్తే నన్నడుగు."

ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. అది అత్తయ్యకీ తెలుసు. అందుకే కోపంగా మాట్లాడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, దాన్ని చేత్తో సరిగ్గా మధ్యకి జరిపారు.

"నేను ఎంతమంది మొహాలు దిద్దానో నాకే తెలియదు. ఈ వీధిలో నా చెయ్యి పడని మొహం లేదు. కానీ అడగకుండా ఎవరి గీతా తీయలేదు. పసిపిల్లల్ని తప్ప అందరినీ అడిగాను. 'ఉంచమంటారా, తీయమంటారా' అని." కొడుకు వైపు చూశారు. "నన్ను అడిగావురా నువ్వు?"

మా ఆయన తల దించుకున్నారు.

"మీరు?" మామయ్య వైపు తిరిగారు. "పల్చటి గుడ్డ. నిజం చెప్పండి. ఆ గుడ్డ లేకుండా నన్ను ఎప్పుడైనా తీశారా?"

"నీకు మంచిదని..."

"మంచిదే. ఆ పాత ఫోటో ఎంత మంచిదంటే, అది నేనేనని చెప్పడానికి నాకే నోరు రాలేదు." ఆ మాట వెనకున్న సంగతి నాకొక్కదానికే తెలుసు. అత్తయ్య దాన్ని అక్కడే వదిలేసి ముందుకు వెళ్ళారు. "ఆదివారం ఫోటో దిగుతాను. మీరు అందరినీ పిలిచారు కదా, అందరి ముందే దిగుతాను."

మామయ్య మొహం వెలిగింది. "అదీ మాట! గుడ్డ ఒకటి కాదు, రెండు..."

"గుడ్డ వద్దు. పక్కకి తిరగను. నేరుగా కూర్చుంటాను. ఆ రోజుకి మొహం ఎలా ఉంటే అలాగే. పొట్టుంటే పొట్టుతోనే. కుంచె పడదు, కంప్యూటర్ పడదు. దాని పక్కనే కిటికీలో పెడతాం. ఎవరైనా ఈవిడ మీ అమ్మాయా అని అడిగితే, పక్క ఫోటో చూపించి, కాదు బాబూ, ఇద్దరూ నేనే అని చెప్తాను."

పిన్ని చెయ్యి చాపి అత్తయ్య పళ్ళెంలో కాస్త కూర వడ్డించింది.

నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. చేతిలో గరిటె ఉంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని అవి బాధవి కావు. పొట్టు లేచిన మొహంతో, ట్యూబ్‌లైటు కింద, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్న ఆ మనిషి మా అత్తయ్య అని ఎవరికైనా చెప్పాలనిపించింది.

"సరే," అన్నారు మామయ్య చివరికి. "నీ ఇష్టం. గుడ్డ లేకుండానే తీస్తాను."

"తీయలేరు," అన్నారు అత్తయ్య. మెత్తగానే అన్నారు. "నేను కుర్చీలో కూర్చోగానే మీ చెయ్యి దానంతటదే లైటు పక్కకి తిప్పేస్తుంది. అది మీ తప్పు కాదు. మీరు నన్ను అలా తప్ప చూడలేరు. అందుకని ఈ ఫోటో మీరు తీయరు."

మామయ్య పెద్ద కెమెరాని ఇంతవరకూ ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదు. కొడుక్కి కూడా చిన్న కెమెరాలే. దాని మీది నల్లగుడ్డ ఉతకడానికి కూడా నా చేతికివ్వరు.

"మరి ఎవరు తీస్తారు?" అన్నారు మా ఆయన.

"ఈ రోజు పొద్దున బల్బు వెలుతురులో నా మొహం ఉన్నది ఉన్నట్టు చూసి, చూసింది చూసినట్టు చెప్పిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది." అత్తయ్య చెయ్యెత్తి నన్ను చూపించారు. "మన ఇన్‌స్పెక్టరమ్మ తీస్తుంది."

ఆ పేరు మొదటిసారి నాకు నచ్చింది. కానీ ఫోటో తీయమంటే ఎలా? కెమెరా ఏ వైపునుంచి చూడాలో కూడా నాకు తెలియదు.

మామయ్య మెల్లగా తల తిప్పారు. ఆయన నా మొహం చూడలేదు. గరిటె పట్టుకున్న నా చేతులు చూశారు. "అమ్మాయ్, ఆ గరిటె పక్కన పెట్టి కిందికి రా," అన్నారు. "పెద్ద కెమెరా ఏ వైపునుంచి చూడాలో చూపిస్తాను."